పద్దెనిమిది నిండిన మర్నాడు వాడెక్కడ పడుకోవాలి?

స్టేషన్లలో, బస్టాండుల్లో బతికే పిల్లలకు ప్రభుత్వం డబ్బేమీ ఇవ్వదా అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతారు. ఇస్తుంది. చట్టం ఉంది, పథకం ఉంది, తలకింత అని రేటు కూడా ఉంది. ఆ డబ్బు పిల్లవాడి దాకా రావాలంటే ఏమేం జరగాలో మాత్రం బయట చాలామందికి తెలియదు. నేను ఆ పనిలోనే ఉన్నాను. పద్దెనిమిదేళ్లు నిండిన ఒక కుర్రాడికి ఆఫ్టర్ కేర్ సాయం, అంటే బాలల సంస్థ వదిలి వెళ్లేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం, తెప్పించడానికి మేం పడ్డ పాట్లు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లకూ, అలా పెరిగి బయటికి వస్తున్న కుర్రాళ్లకూ పనికొస్తుందని నా ఆశ.

మాది పెద్ద రైల్వే జంక్షన్ ఉన్న ఊరు. కోస్తాలోని ఊరని మాత్రం చెప్పి వదిలేస్తాను. ఇందులో కొన్ని ఆఫీసుల సంగతులున్నాయి, ఒక కుర్రాడి బతుకు ఉంది. చెన్నై వైపు, హౌరా వైపు, సికింద్రాబాద్ వైపు బండ్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి. తాగొచ్చి కొట్టే తండ్రిని తప్పించుకుని వచ్చినవాళ్లు, తల్లి పోయాక ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివాళ్లు, మేస్త్రీ వెంట ఒడిశా నుంచి పనికి వచ్చి మధ్యలో విడిపోయినవాళ్లు ఆ బండ్లలోంచే దిగుతారు. దిగిన పిల్లవాడు ఒకటి రెండు రాత్రుల్లోనే ఎవరో ఒకరి కంట పడతాడు. అది ఆర్పీఎఫ్ కానిస్టేబులో, మాలాంటి వాళ్లో అయితే వాడి అదృష్టం. కాకపోతే ఖాళీ సీసాలు ఏరించేవాడు, బోగీలు ఊడ్పించి డబ్బులు లాక్కునేవాడు, మత్తు కోసం సొల్యూషన్ పీల్చడం నేర్పేవాడు ముందు దొరుకుతాడు.

నేను మొదట్లో ఆపదలో ఉన్న పిల్లల కోసం పనిచేసే 1098 చైల్డ్‌లైన్ టీంలో పనిచేశాను. 1996లో ముంబైలో మొదలైన ఆ హెల్ప్‌లైన్‌ను చాలా ఏళ్లు స్వచ్ఛంద సంస్థల టీంలే నడిపాయి. 2023లో దాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని అత్యవసర నంబరు 112తో కలిపింది. అప్పుడు నేను ఈ ఓపెన్ షెల్టర్‌కు కోఆర్డినేటర్‌గా వచ్చాను.

జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో 43వ సెక్షన్ ఓపెన్ షెల్టర్ల గురించి చెబుతుంది. వీధిలో ఉన్న పిల్లలకు కొద్దికాలం నీడ ఇచ్చి, వాళ్లను ఆ బతుకు నుంచి మెల్లగా బయటికి తేవడం వీటి పని. ఇది తాళం వేసి ఉంచే హోం కాదు. పిల్లవాడు పొద్దున వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, సాయంత్రానికి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిపోతానంటే ఆపలేం. మళ్లీ రేపు వచ్చేలా చూసుకోవాలి. అలా రావడం, పోవడం, మళ్లీ రావడం నెలల తరబడి సాగాక ఒకరోజు రాత్రి ఇక్కడే పడుకుంటానంటాడు. అప్పుడు మా పని మొదలైనట్టు. ఈ రాకపోకలే తర్వాత మా కుర్రాడి ఫైలుకు పెద్ద అడ్డు అయ్యాయి, అందుకే ముందే చెబుతున్నాను.

షెల్టర్ నడవడానికి డబ్బు ఎలా వస్తుందో కూడా కొంచెం చెప్పాలి. మొదట 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది అయిదేళ్లకు ఒకసారి. బిల్డింగ్ ప్లాను, ఫైర్ సర్టిఫికెట్, నీళ్ల టెస్టు రిపోర్టు, సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ పెట్టాలి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు పిల్లలు పడుకునే హాలును టేపుతో కొలుస్తారు, ఒక్కొక్కరికి 40 చదరపు అడుగులు ఉండాలి. ఈ కొలతల మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇరుకు గదుల్లో పెద్ద పిల్లల మధ్య చిన్న పిల్లలకు ఏం జరుగుతుందో చూసినవాళ్లెవరికీ ఉండదు.

ఆ తర్వాత నీతి ఆయోగ్ వాళ్ల దర్పణ్ పోర్టల్‌లో సంస్థ నంబరు, ఏటా బడ్జెట్ ప్రపోజల్, ఆడిట్ రిపోర్టు, కిందటి ఏడాది డబ్బుకు యూసీ. యుటిలైజేషన్ సర్టిఫికెట్‌ను మా ఆఫీసుల్లో అందరూ యూసీ అనే అంటారు, ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం అది. అది వెళ్లకపోతే తర్వాతి విడత రాదు. మా ప్రపోజల్ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, అక్కణ్ణుంచి రాష్ట్రానికి, రాష్ట్రం ప్లానులో కలిసి ఢిల్లీలో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు ముందుకు వెళ్తుంది. పథకం పేరు మిషన్ వాత్సల్య. 2009లో సమగ్ర బాలల సంరక్షణ పథకం, అంటే ఐసీపీఎస్‌గా మొదలైంది, ఇప్పుడు ఈ పేరుతో నడుస్తోంది. మన రాష్ట్రాల్లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. కేంద్రం వాటా వచ్చి, రాష్ట్రం తన వాటా కలిపి, పథకానికంతా ఒకటే ఉండే నోడల్ ఖాతాలోంచి విడుదల చేయాలి. ఈ ఒకే ఖాతా పద్ధతి 2021 జూలైలో వచ్చింది. డబ్బు ఎక్కడెక్కడో బ్యాంకుల్లో ఊరికే పడి ఉండకూడదని పెట్టారు, ఆ ఉద్దేశం మంచిదే. కానీ ఈ గొలుసులో ఏ ఒక్క చోట సంతకం ఆగినా మా దగ్గర వంటమనిషి జీతం ఆగుతుంది.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. మాకు మొదటి విడత ఏప్రిల్‌లో వచ్చిన సందర్భం నాకు గుర్తు లేదు. అప్పటిదాకా మమ్మల్ని నడిపేది మా వీధి కిరాణా కొట్టాయన. బియ్యం, పప్పు, నూనె ఖాతాలో రాసుకుని ఇస్తాడు. పిల్లలు ఎదురుగా ఉన్నప్పుడు ఎప్పుడూ బాకీ గురించి అడగలేదు. ప్రభుత్వ నివేదికల్లో ఆయన పేరు ఎక్కడా ఉండదు, కానీ మా జిల్లాలో వీధి పిల్లల సంక్షేమానికి వడ్డీ లేకుండా అప్పు పెట్టింది ఆయనే.

సంస్థల్లో ఉండే పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నిర్వహణ గ్రాంటు నెలకు తలకు 3,000 రూపాయలు. రోజుకు 100. మూడు పూటల తిండి, సబ్బు, నూనె, బట్టలు, చెప్పులు అందులోనే. దేశం మొత్తానికి ఈ పథకానికి 2023-24లో కేటాయించింది 1,472 కోట్లు, 2024-25లోనూ అంతే. కూరగాయల ధరలు మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది పెరిగాయి.

ఇక కుర్రాడి సంగతి. మిగతా పిల్లలు వాణ్ణి పెద్దోడు అనేవాళ్లు, నేనూ అలాగే రాస్తాను. పదీ పదకొండేళ్ల వయసులో మొదటిసారి మా షెల్టర్‌కు వచ్చాడు. నేను చేరేటప్పటికే పాత రిజిస్టర్లలో వాడి పేరు ఉంది. ఒకసారి ఊరు శ్రీకాకుళం వైపు అన్నాడు, ఇంకోసారి రాయగడ అన్నాడు. ఇంటి గురించి అడిగితే లేచి వెళ్లిపోయేవాడు. బండెక్కి నెలలు నెలలు కనపడకుండా పోయి మళ్లీ వచ్చేవాడు. తోటివాడొకడు పట్టాల మీద చనిపోయాక ఆ తిరుగుడు మానేశాడు. ఓపెన్ స్కూల్లో కూర్చున్నాడు, రెండు సబ్జెక్టులు మిగిలిపోతే మళ్లీ రాసి పది పాసయ్యాడు. చిన్న పిల్లలకు స్నానాలు చేయించేది వాడే. రాత్రి కొత్త పిల్లవాడు భయపడి ఏడిస్తే మా కేర్‌టేకర్ కన్నా ముందు వాడు లేచేవాడు.

వాడికి పుట్టిన తేదీ లేదు. వయసు తేల్చడానికి చట్టంలో 94వ సెక్షన్ ఉంది. ముందు స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీయో పంచాయతీయో ఇచ్చిన జనన పత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. వాడికి మొదటి రెండూ లేవు. సీడబ్ల్యూసీ, అంటే బాలల సంక్షేమ కమిటీ, ప్రభుత్వాసుపత్రికి పంపింది. డాక్టర్లు ఇచ్చిన అంచనా వయసును బట్టి కమిటీ ఒక తేదీ రాసింది. ఆ తేదీయే ఓపెన్ స్కూలు సర్టిఫికెట్‌లోకీ, తర్వాత ఆధార్‌లోకీ వెళ్లింది. అలా ఆఫీసు కాగితం మీద పుట్టిన ఆ తేదీకే వాడికి పద్దెనిమిది నిండుతాయి. ఆ మర్నాటి నుంచి వాణ్ణి పిల్లలతో కలిపి షెల్టర్‌లో ఉంచకూడదు. మూడు నెలలకొకసారి జిల్లా ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తుంది, రిజిస్టర్ చూస్తుంది. నియమం ఎందుకుందో నాకు తెలుసు, చిన్న పిల్లల క్షేమం కోసమే ఉంది. కానీ ఆ కుర్రాడికి వేరే చోటు చూపించే బాధ్యత కూడా అదే రోజున ఎవరిమీదో పడాలి కదా.

చట్టం ఆ సంగతి ఆలోచించింది. 46వ సెక్షన్: బాలల సంస్థలోంచి పద్దెనిమిదేళ్లు నిండి బయటికి వెళ్లేవాళ్లు సమాజంలో నిలదొక్కుకోవడానికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చు. 2016 మోడల్ రూల్స్‌లో 25వ రూలు దీన్ని వివరిస్తుంది. సాధారణంగా 21 ఏళ్ల దాకా, తప్పనిసరి పరిస్థితి ఉంటే మరో రెండేళ్లు. మిషన్ వాత్సల్యలో దీనికి నెలకు 4,000 రూపాయలు పెట్టారు. నేను ఆ మార్గదర్శకాలు ప్రింట్ తీసుకుని, మా లెటర్‌హెడ్ మీద అప్లికేషన్ రాసి జిల్లా ఆఫీసుకు తీసుకెళ్లాను.

సెక్షన్‌లో ఉన్నాయన కాగితాలు తిరగేసి, "ఓపెన్ షెల్టర్ పిల్లలకు ఇది వర్తించదు మేడమ్. హోంలో ఉండి డిశ్చార్జ్ అయినవాళ్లకే ఆఫ్టర్ కేర్. మీ పిల్లలు వస్తుంటారు, పోతుంటారు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఖాళీలు నింపక నాలుగు సీట్ల పని ఒక్కడే చేస్తున్నాడు. ఓపెన్ షెల్టర్ నుంచి ఆఫ్టర్ కేర్ ఫైలు ఆ ఆఫీసుకు అంతకుముందు రాలేదట. రాని ఫైలు ఎలా నడపాలో ఎవరికి తెలుస్తుంది?

ఆ రాత్రి నేను చట్టం మొదటి పేజీల నుంచి చదివాను. రెండో సెక్షన్‌లో నిర్వచనాలుంటాయి, అందరూ దాటేసి వెళ్లే పేజీలు అవి. అందులో 21వ క్లాజు బాలల సంరక్షణ సంస్థ అంటే ఏమిటో చెబుతుంది. చిల్డ్రన్ హోం, దాని పక్కనే ఓపెన్ షెల్టర్, తర్వాత అబ్జర్వేషన్ హోం, స్పెషల్ హోం, ఇలా వరసగా ఉంది. అంటే 46వ సెక్షన్ చెప్పే సంస్థల్లో మా షెల్టర్ కూడా ఉంది. మర్నాడు ఆ పేజీ జిరాక్స్ తీసి, ఆ క్లాజు మీద పసుపు గీత గీసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. "ఇది జతచేసి కొత్త లెటర్ ఇవ్వండి మేడమ్, నోట్ పుటప్ చేస్తాను" అన్నారు. ఈ పని చేసేవాళ్లెవరైనా దీన్ని చదువుతుంటే ఆ క్లాజు నంబరు రాసిపెట్టుకోండి. మాకు తలుపు తెరిచింది అదొక్కటే.

తర్వాతి అడ్డు నేను ముందు చెప్పినదే. వాడు మా దగ్గర ఏకధాటిగా ఉన్నట్టు రుజువేది? రిజిస్టర్ చూస్తే మధ్యలో నెలల తరబడి ఖాళీలు. వీధి పిల్లల బతుకు అలాగే ఉంటుందని నోటితో చెబితే ఫైలు వినదు. కాబట్టి కాగితాలు వెతికాం. వాణ్ణి కమిటీ ముందు హాజరుపరిచినప్పుడల్లా నింపిన ఫారం 17 నకళ్లు. హెల్త్ క్యాంపులో రాసిన చీటీలు. ఓపెన్ స్కూలు హాల్‌టికెట్లు. వీధి బాలల విషయంలో సుప్రీంకోర్టు 2022లో రాష్ట్రాలను గట్టిగా అడిగాక, బాల స్వరాజ్ పోర్టల్‌లో ఇలాంటి పిల్లల వివరాలు ఎక్కించడం మా దగ్గరా జోరందుకుంది. అందులో పెద్దోడి ఎంట్రీ ఉంది. అవన్నీ తేదీల వరసలో పెట్టి, ఏ ఏడాది ఏం జరిగిందో ఒక పేజీలో రాశాం. మా పాత కేర్‌టేకర్ ఆదివారాలు కూడా వచ్చి బీరువాలోని పాత రిజిస్టర్లన్నీ దించి చూసింది. పక్కన పెద్దోడు కూర్చుని, "అప్పుడు నాకు పచ్చకామెర్లు అక్కా", "ఇది నేను ఖరగ్‌పూర్ పోయొచ్చిన తర్వాత" అని గుర్తుచేస్తూ ఉన్నాడు. తన బతుకు ఒక కాగితం మీద వరసగా చూసుకోవడం వాడికదే మొదటిసారి. ఆ పేజీకి ఒక నకలు తనకూ ఇమ్మన్నాడు.

ఫారం 7 అంటే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక. చాలా చోట్ల దీన్ని ఒకరి ఫారం చూసి ఇంకొకరి ఫారం నింపేస్తారు. దయచేసి అలా చేయకండి. కమిటీ నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది. కుర్రాడు ఏం చదివాడు, ఏం చేయగలడు, వ్యసనాలు ఉన్నాయా, మానేసి ఎన్నాళ్లయింది, ఎవరితో మాట్లాడతాడు, బయటికి వెళ్తే ఎక్కడ ఉంటాడు, నెలకు ఎంత కావాలి, ఇవన్నీ వాడితో కూర్చుని రాయాలి. పెద్దోడు ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ కావాలన్నాడు. ఏడాది కోర్సు, చేతికి పని త్వరగా వస్తుంది. సీడబ్ల్యూసీ మేడమ్ గారు, "ఇంకేం కావాలి బాబూ?" అని అడిగితే, "తాళం ఉన్న గది కావాలి మేడమ్" అన్నాడు. స్టేషన్‌లో ఉన్నప్పుడు నిద్రలో చెప్పులు పోయాయి, ఫోను పోయింది, ఒకసారి వేసుకున్న ప్యాంటు జేబు కోసి డబ్బు తీసుకుపోయారు. ఆ మాట విన్నాక కమిటీలో ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఆర్డరు వచ్చింది.

ఆధార్, బ్యాంకు ఖాతా సంగతి క్లుప్తంగా చెబుతాను. తల్లిదండ్రులు లేని పిల్లలకు, గుర్తింపు ఉన్న సంస్థ సూపరింటెండెంటు ఆధార్ వాళ్ల నమూనాలో సర్టిఫికెట్ ఇస్తే తీసుకుంటారు. సెంటర్లో కుర్రాళ్లకు ఇది తెలియకపోవచ్చు, నమూనా వెంట తీసుకెళ్లండి. బ్యాంకులో జీరో బ్యాలెన్స్ ఖాతా అడగండి. ఖాతా వాడి పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో లింకు కావాలి. పద్దెనిమిది నిండాక మొదలుపెడితే ఇవి అవడానికే నెలలు పడతాయి.

ఆర్డరు చేతికి వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. ఆ త్రైమాసికం విడుదల కాలేదు, రాష్ట్రం వాటా కలవాలి, బడ్జెట్‌లో ఆఫ్టర్ కేర్ పద్దు కింద మిగులు చూడాలి. ఈలోగా ఆ తేదీ వచ్చేసింది. మా ముందున్న ప్రభుత్వ మార్గం మున్సిపాలిటీ వాళ్ల నిరాశ్రయుల వసతి కేంద్రం. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత పట్టణాల్లో లక్ష జనాభాకు 100 మందికి చోటు చొప్పున ఉండాలని కట్టినవి అవి. అవి లేకపోతే చలికాలంలో ఎంతమంది ముసలివాళ్లు చనిపోయేవారో. వాటి విలువ తెలిసే చెబుతున్నాను, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అది చోటు కాదు. పక్కన మంచాల మీద తాగుడుకు అలవాటు పడ్డవాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు, రోగులు. వ్యసనం మానుకుని నిలబడుతున్నవాణ్ణి తీసుకెళ్లి మళ్లీ దాని పక్కనే పడుకోబెట్టినట్టవుతుంది. పెద్దోడు ఒక రాత్రి ఉండి వచ్చాడు. ఏమీ అనలేదు. కానీ మర్నాడు సాయంత్రం స్టేషన్ వైపు చూస్తూ కూర్చున్నాడు, నాకు టెన్షన్ పట్టుకుంది.

గది కోసం తిరిగాం. అద్దెకిచ్చేవాళ్లు మొదట అడిగేది ఊరేది, అమ్మానాన్నలు ఏం చేస్తారు, మీదేం కులం. మూడింటికీ వాడి దగ్గర జవాబు లేదు. సంస్థ తరఫున నేను హామీ ఉంటానన్నా, రెండు నెలల అడ్వాన్సు ముందే ఇస్తామన్నా, "కుర్రాళ్లకివ్వం అమ్మా" అనేవాళ్లు. చివరికి ఐటీఐ దగ్గర ఒక వెల్డింగ్ షాపు యజమాని తన షెడ్డు వెనక గది ఇచ్చారు, సాయంత్రాలు షాపులో సాయం చేస్తే చాలన్నారు. అడ్వాన్సు, చాప, బకెట్టు, స్టవ్వు, ఐటీఐ యూనిఫాం, బూట్లు, వీటికి ప్రభుత్వ పద్దు ఏదీ మాకు దొరకలేదు. మా ట్రస్టు సభ్యులు, ఇద్దరు రైల్వే ఉద్యోగులు, ఒక డాక్టరమ్మ గారు కలిసి పెట్టుకున్నారు.

ఆఫ్టర్ కేర్ డబ్బు వచ్చేసరికి వాడికి ఐటీఐలో సగం ఏడాది అయిపోయింది. ఆర్డరు తేదీ నుంచి బకాయిలన్నీ ఒకేసారి ఖాతాలో పడ్డాయి. ఆ రోజు ఆ ఆఫీసు ఆయనే ఫోన్ చేసి చెప్పారు, ఆయన గొంతులో కూడా సంతోషం వినిపించింది. అప్పుడు మళ్లీ కొత్త భయం. వీధిలో పెరిగినవాడి చేతికి ఒకేసారి అంత డబ్బు వస్తే చుట్టూ చేరేవాళ్లు ఎలాంటివాళ్లో మాకు తెలుసు. పెద్దోడు వచ్చి, "అక్కా, ఇందులో అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ఎంత ఇవ్వాలి?" అన్నాడు. ఎవరూ తీసుకోలేదు. కొంత పోస్టాఫీసులో వేయించాం. ఆ తర్వాత నెలనెలా వస్తుందని చెప్పలేను. రెండు మూడు నెలలవి కలిపి వస్తున్నాయి. గది అద్దె మాత్రం ప్రతినెలా కట్టాలి.

అందరికీ ఇలా జరగలేదని కూడా చెప్పాలి. వాడి ఈడువాళ్లలో కొందరు ఫైలు తయారయ్యేలోపే వెళ్లిపోయారు. ఒకడు బెంగళూరులో హోటల్లో ఉన్నాడని తెలుసు. ఒకడి జాడే లేదు. వాళ్లకు పెద్దోడికన్నా తెలివి తక్కువై కాదు, ఓపిక తక్కువై కాదు. వాళ్ల కాగితాలు దొరకలేదు, అంతే. చట్టం సాయం ఇవ్వవచ్చు అని ఆగిపోకుండా, ఇచ్చి తీరాలి అని ఉంటే ఆ పద్దు కింద డబ్బు లేదనే మాట ఇంత తేలిగ్గా ఎవరూ అనలేరు. ఇంకొకటి, రాత్రుళ్లు ప్లాట్‌ఫారం మీద తిరిగి పిల్లలతో మాట కలిపే మనిషికి జీతం ఇచ్చే ఏర్పాటు బలంగా ఉండాలి. మా పనంతా అక్కడే మొదలవుతుంది. మంచాలు లెక్కపెట్టి డబ్బిచ్చే పద్ధతిలో ఆ మనిషి కనిపించడు.

ఇప్పుడు మా షెల్టర్‌లో పదహారు నిండిన ప్రతి కుర్రాడికీ ఒక అట్టపెట్టె ఉంది. వయసు ఆర్డరు, ఫారం 17 నకళ్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం, చదువు కాగితాలు, ఏడాదివారీ పేజీ అందులో చేరుతూ ఉంటాయి. పదిహేడున్నరకే ఆఫ్టర్ కేర్ అప్లికేషన్ పెడుతున్నాం. జిల్లా ఆఫీసులో ఇప్పుడు దీనికో నమూనా నోట్ ఉంది కాబట్టి తర్వాతి ఫైళ్లు త్వరగా కదిలాయి. పక్క జిల్లా షెల్టర్ వాళ్లు ఆ పసుపు గీత పేజీ వాట్సాప్‌లో తెప్పించుకున్నారు. ఆడపిల్లల విషయం ఇంకా కష్టం. వాళ్లకు గది దొరకడమే కాదు, ఆ గది సురక్షితంగా ఉండటం ముఖ్యం. అది ఆ పని చేస్తున్నవాళ్లు రాస్తేనే బాగుంటుంది.

25వ రూలులోనే ఇంకో దారి ఉంది. ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా యువకులు కలిసి తాత్కాలికంగా ఉండేలా గ్రూపు ఇల్లు. విడివిడిగా గదులు వెతికి ప్రతి ఇంటి ముందూ కులం, ఊరు చెప్పుకునే బాధ తప్పుతుంది. ఒకడికి జ్వరం వస్తే ఇంకొకడు ఉంటాడు. ఈ ఏడాది మా ప్రపోజల్‌లో అది పెట్టాం, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళ్లింది. ఐటీఐ దారిలో ఒక రిటైర్డ్ గార్డు గారు పై వాటా ఇస్తానన్నారు. ఆయన పెట్టిన షరతులు రెండు: అగ్రిమెంటు సంస్థ పేరు మీద ఉండాలి, అద్దె ప్రతినెలా అయిదో తేదీకి అందాలి. మొదటిదానికి ఇబ్బంది లేదు. గ్రాంటు అయిదో తేదీలు చూసుకుని రాదు కాబట్టి, ఆరు నెలల అద్దె ముందుగా చేతిలో ఉంచుకోవాలని పోగుచేస్తున్నాం. పెద్దోడు ఇప్పుడు షాపులో జీతానికి చేస్తున్నాడు. కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగు వాడే చేసిస్తానన్నాడు. ఇనుము డబ్బు మాత్రం మేం ఇవ్వాలి, దాని కొటేషన్ నిన్ననే తెచ్చాడు.